బుక్కుకు పెట్టిన బొట్టు

మా నాయన అన్నానికి కూర్చునే ముందు కంచం కింద తడిగుడ్డ పరుస్తాడు. చిన్న తువ్వాలును నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ముడతలు లేకుండా నేల మీద పరిచి, దాని మీద కంచం పెట్టుకుంటాడు. బాగేపల్లిలో మా ఇంటి నేల కదలదు. ఈ చుట్టుపక్కల కదిలే నీళ్ళు కూడా లేవు, చిత్రావతిలో ఏడాదికి పది రోజులు పారితే గొప్ప. అయినా ఆయన చెయ్యి ఆ గుడ్డ కోసం వెతుక్కుంటుంది. ఓడ ఊగేటప్పుడు కంచాలు జారకుండా బల్లల మీద అట్లా తడిగుడ్డలు పరుస్తారట. ఇరవై ఏండ్లు పరిచిన చెయ్యి అది.

ఆయన ఓడ దిగి మూడేండ్లు కావస్తోంది. మళ్ళీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఊళ్ళో కొందరికి తెలుసు. వాళ్ళకు తెలిసినదానిలో ఒక సంగతి తప్పు. నేను రోజూ డైరీ రాస్తాను. ఆ రోజుల పేజీలు అన్నీ ఉన్నాయి, వాన పడిందా లేదా, అమ్మ ఏమి కుట్టింది, నేను ఏ పుస్తకం ఎన్ని పేజీలు చదివాను, అన్నీ రాసి ఉన్నాయి. నేను చేసిన పని మాత్రం లేదు. డైరీకి కూడా చెప్పకుండా దాచాను.

నాయన ఓడలో వంటమనిషి. మా సొంతూరు బాగేపల్లికి దగ్గర్లో గూళూరు పక్కన పల్లె. వేరుశనగ, ఉలవలు పండే చేను. బోరు మూడుసార్లు వేసి, మూడుసార్లూ దుమ్మే చూసి, ఆయన బెంగళూరుకు హోటల్ పనికి పోయాడు. అక్కడినుంచి బొంబాయికి. అక్కడి క్యాంటీన్‌లో ఒక మంగళూరు వంటమాస్టరు ఆయన చేతిపని చూసి ఓడ ఎక్కించాడు. మొదట మెస్‌మన్, అంటే వడ్డించి గిన్నెలు కడిగేవాడు. మొదటి నెలంతా వాంతులేనట. వడ్డిస్తూ మధ్యలో పోయి కక్కుకుని, మూతి కడుక్కుని వచ్చి మళ్ళీ వడ్డించేవాణ్ణని చెప్పాడు. తర్వాత రెండో వంటమనిషి అయ్యాడు. చివరి పదేండ్లు చీఫ్ కుక్. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, రెండు మూడు నెలలు ఇంట్లో. నా చిన్నతనమంతా ఆ లెక్కన గడిచింది.

మా పక్క మిలిటరీకి పోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను ఏమడగాలో జనానికి తెలుసు. ఓడ మనిషిని ఏమడగాలో తెలియదు. అందుకని అందరూ ఒకటే అడిగేవాళ్ళు.

“ఓడలో ఏమి తింటారప్పా?”

“నేను చేసింది తింటారు” అనేవాడు నాయన.

“అంటే సగం సముద్రంలో చేపలకే పోతాది అను” అనేవాడు మా ఎదురింటి టీ అంగడాయన. “పొయ్యి కాడ కూసోని ప్రపంచమంతా తిరిగొచ్చినోడివి నువ్వు ఒగనివే.”

నాయన నవ్వేవాడు. ఆ మాటలో నిజం ఉంది. ఆయన పనిచేసే వంటగదికి ఒకటే కిటికీ, గుండ్రంగా, అన్నం కంచమంత. జపాను, బ్రెజిలు, ఆఫ్రికా రేవులు, అన్నీ ఆయన ఆ కిటికీలోనుంచే చూశాడు. రేవులో ఓడ నిలిచినా వంట నిలవదు కదా. అందుకే ఆయన ఏ దేశం గురించి చెప్పినా చేతులతో ముందు గుండ్రంగా గీసి, దాని లోపల చెప్పేవాడు. ఇక్కడ ఒక కొండ, ఇక్కడ ఒక క్రేను, ఇక్కడ లైట్లు. చిన్నప్పుడు నేను దేశాలన్నీ గుండ్రంగానే ఉంటాయని అనుకున్నాను.

నాకు తెలుగు రాయడం వచ్చింది ఆయన వల్లనే. మాది కర్ణాటక, మా బడి కన్నడ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడ. నాయనకు ఫోన్ దొరికేది రేవులో మాత్రమే, అందుకని ఉత్తరాలు రాసేవాడు. తెలుగులో రాసేవాడు, అమ్మకు చదవడం అంతంతమాత్రం. కన్నడ అక్షరం తలకట్టును కొంచెం మారిస్తే తెలుగు అక్షరం అవుతుందని నాకు నేనే కనుక్కుని, ఎనిమిదేండ్ల వయసులో ఆ ఉత్తరాలు అమ్మకూ, నాయన తల్లి అయిన మా అవ్వకూ చదివి వినిపించేదాన్ని. వాటిలో ఎక్కువగా వంటే ఉండేది. ఈ రోజు ఫిలిప్పీనువాళ్ళకు అన్నం, యూరోపు ఆఫీసర్లకు సూపు, మనవాళ్ళకు పప్పు. గాలి ఎక్కువగా ఉంది, గిన్నెలు సగమే నింపినాను. ఇంట్లోనుంచి తెచ్చిన రాగిపిండితో ముద్ద చేసినాను, కెప్టెను వాసన చూసి మట్టి వాసన అన్నాడు, అయినా తిన్నాడు. అవ్వ అన్నీ విని చివర్లో ఒకటే అడిగేది.

“వాడు తిన్నాడా లేదా, అది రాసినాడా?”

అది ఎప్పుడూ ఉండేది కాదు. నేను ఉన్నట్టు చదివేదాన్ని. 

నాకు మనుషులతో మాట్లాడడం చేతకాదు. చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదివిన మూడేండ్లూ బస్సులో కిటికీ పక్కన పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని, ఎవరూ పలకరించకుండా ఉండాలని. నాయనతో కూడా అంతే. ఆయన తొమ్మిది నెలల తర్వాత ఇంటికి వస్తే తలుపు పక్కన నిలబడి “వచ్చినావా నాయనా” అంటాను. “వచ్చినా పాపా” అంటాడు. అక్కడితో అయిపోతుంది. మా ఇంట్లో పెద్దపిల్లలను తాకే అలవాటు లేదు, పెద్దలను తాకే అలవాటు అంతకంటే లేదు.

చివరిసారి ఆయన ఉగాదికి ముందు ఓడ దిగి వచ్చాడు. మూడు నెలలకు ఏజెంటు నుంచి ఫోన్ రావాలి. రాలేదు. చెన్నైలో ఉండే ఆ ఏజెంటు ఓడలకు మనుషులను పంపిస్తాడు. నాయన ఫోన్ చేస్తే “వెయిటింగ్‌లో ఉన్నావు కుక్కుగారూ” అనేవాడు. నాలుగు నెలలు, అయిదు నెలలు. మా ఇంట్లో సిగ్నల్ బాగా దొరికేది కిటికీ గూట్లో మాత్రమే. నాయన ఫోను అక్కడ పెట్టి, ఆ పక్కనే కుర్చీ వేసుకుని, ఉల్లిపాయలు ఒలుస్తూ కూర్చునేవాడు. అవసరం లేకపోయినా ఒలిచేవాడు. రెండుసార్లు వంట చేయబోయి పాతికమందికి సరిపడా సాంబారు చేశాడు. అమ్మ గిన్నెలు పట్టుకుని వీధంతా పంచిపెట్టింది.

“ఏమయ్యా, నలుగురం ఉండేది ఇంట్లో.”

“చెయ్యి అట్ల తిరుగుతాండాది, నేనేమి చేసేది?” అన్నాడు.

ఓడ ఎక్కేముందు వైద్యపరీక్ష ఉంటుంది. ఆయనకు చక్కెర జబ్బు మొదలైంది. అది ఎక్కువగా కనిపిస్తే ఎక్కనివ్వరు. అందుకని ఎప్పుడు పిలిచినా సిద్ధంగా ఉండాలని ఆ నెలలన్నీ రాగిముద్ద, ఉలవకట్టు, కాకరకాయ తప్ప ఇంకేమీ ముట్టలేదు. చొక్కాలు వదులయ్యాయి. యాభై ఏండ్లు దగ్గరపడుతున్నాయి. వంటమనుషుల్లో యాభై దాటినవాళ్ళను కొత్తగా తీసుకోవడం తగ్గించారని ఆయనకు తెలుసు. ఇంకొక్క ఓడ దొరికితే, అందులో మంచిపేరు వస్తే, వాళ్ళే మళ్ళీ మళ్ళీ పిలుస్తారని ఆశ. ఆ ఒక్క ఓడ కోసమే ఇదంతా.

అట్లా దసరా వచ్చింది.

ఆయుధ పూజ నాడు మా ఇళ్ళల్లో ఎవరి పనిముట్టు వాళ్ళు కడిగి, పీట మీద పెట్టి, గంధం, కుంకుమ పెడతారు. కొడవలి, పార, బండి, అంగడివాళ్ళ తక్కెడ. పూజలో పెట్టినదాన్ని మరుసటి రోజు దాకా తీయకూడదు. అమ్మ కుట్టుమిషను, నా కాలేజీ పుస్తకాలు, నాయన గరిటె, కూరగాయలు కోసే పెద్ద కత్తి. అంతవరకు ఏటా పెట్టేవే. ఆ ఏడు ఇంకొకటి ఉంది. నాయన బుక్కు.

మా ఇంట్లో బుక్కు అంటే ఒకటే. ఓడ పనివాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే పుస్తకం. మొదటి పేజీలో ఫోటో అంటించి, దాని అంచు మీద ముద్ర వేసి ఉంటుంది. తర్వాత పేజీల్లో ఆయన ఎప్పుడు ఏ ఓడ ఎక్కాడు, ఎప్పుడు దిగాడు, కెప్టెన్ సంతకం. అది చేతిలో లేకుండా ఏ రేవులోనూ ఓడ మెట్లు ఎక్కనివ్వరు. దసరా రోజుల్లో ఆయన ఎప్పుడూ సముద్రం మీదనే ఉండేవాడు, బుక్కూ ఆయనతోపాటే పోయేది. మా ఇంటి పూజకు అది రావడం అదే మొదలు.

అవ్వ గంధం గిన్నె పట్టుకుని పీట ముందు కూర్చుంది. ఆమెకు ఒక కన్ను కనపడదు, రెండోది రవంత. అమ్మ వంటింట్లో అలసంద వడలు వేస్తోంది. నాయన బయట బండి కడుగుతున్నాడు.

“పాపా, మీ నాయన బుక్కు తెచ్చి పెట్టే” అంది అవ్వ. “దానికీ బొట్టు పెట్టు. అది కదా మనకు ఇన్నాళ్ళూ కూడు పెట్టినది.”

తెచ్చాను. అట్ట మీద నునుపైన కవరు. గంధం పెడితే జారిపోయింది. రెండోసారి పెట్టినా నిలవలేదు. అప్పుడు తెరిచాను. ఫోటోలో నాయన నాకు గుర్తున్నదానికంటే నల్లగా, నిండుగా ఉన్నాడు. చెన్నైలో ఎక్కడో తీయించుకున్నది, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు మూతి. ఆ రోజు పొద్దున ఆయన కిటికీ పక్కన కూర్చుని ఫోను తుడుస్తూ ఉంటే చూశాను. మోగని ఫోను అది, అద్దం మీద దుమ్ము కూడా లేదు, అయినా తుడుస్తున్నాడు. అది కళ్ళముందు ఉంది. వేలితో గంధం తీసి ఫోటో నొసటన పెట్టాను, దాని మీద కుంకుమ. నా వేలు ఆయన నొసటికంటే పెద్దది. బొట్టు కనుబొమ్మల దాకా వచ్చింది. తొందరగా ఓడ రావాలని మనసులో అనుకున్నాను. ఆయన నొసలును నేను తాకింది ఆ ఒక్కసారే.

తడి ఆరకముందే మూసేశాను, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. మీద ఒక చేమంతి పువ్వు పెట్టాను. అవ్వ తడుముకుంటూ కూరగాయల కత్తిని తెచ్చి బుక్కు మీద పెట్టింది. “రెండూ వాని పనిముట్లే, ఒగచోటే ఉండనీ” అంది. కత్తి బరువైనది. అట్లాగే మరుసటి రోజు దాకా ఉంది.

విజయదశమి నాడు నాయన పువ్వు తీసి, అట్ట తుడిచి, బుక్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టాడు. తెరవలేదు.

పది రోజులకు ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం. నాయన కుర్చీలోనుంచి లేచి నిలబడి మాట్లాడాడు. “యస్ సార్. రెడీ సార్. బుక్కు తెస్తా సార్.” ఫోను పెట్టేసినా కూర్చోలేదు.

“వారం లోపల ఎక్కల్లంట” అన్నాడు అమ్మతో. “ఇంగో కుక్కు రాలేదంట. నన్ను పిలిచినారు.”

అమ్మ కళ్ళు తుడుచుకుంది. అవ్వ “రాగిపిండి ఆడించల్ల” అని లేచింది. ఆ రోజు మా ఇల్లు సంతోషంగా ఉంది. ఎంతసేపు ఉందో చెప్పగలను. నాయన బీరువా తెరిచేదాకా.

పేజీలు అంటుకుని ఉన్నాయి. ఆయన మెల్లగా విడదీశాడు. చిన్న చప్పుడు వచ్చింది. ఫోటో నొసలూ ఒక కన్నూ పక్క పేజీకి అంటుకుని పోయాయి. మిగిలిన ముఖం మీద ఎర్రటి మరక. నాయన దూది తడిపి, నేల మీద కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినంత నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచేకొద్దీ కుంకుమ పోయింది, దానితోపాటు ముక్కు పోయింది, మూతి పోయింది. అంచు మీది ముద్ర సిరా అలికినట్టు పాకింది. ఆయన ఆపేసరికి ఫోటోలో భుజాలు, చొక్కా కాలరు మాత్రం ఉన్నాయి.

“బతికుండే మనిషి ఫోటోకు బొట్టు పెడతారా ఎవురన్నా?” అంది అమ్మ. మా ఇళ్ళల్లో ఫోటోకు బొట్టు పెట్టేది పోయినవాళ్ళకే. నాకు అది తెలుసు. ఆ క్షణంలో గుర్తురాలేదు. “ఎవురు పెట్టినారు? చెప్పండి, ఎవురు?”

నేను నోరు తెరిచాను. మాట వచ్చేలోపల అవ్వ అంది.

“పూజలో అన్నిటికీ నేనే కదా పెట్టింది. కత్తి కూడా నేనే పెట్టినా. కండ్లు అగపడక ఇదీ నేనే పెట్టింటా లేరా.”

ఆమెకు గుర్తులేదు. లేనిదాన్ని ఉందని నమ్మింది. నేను నోరు మూసుకున్నాను.

“పోనీలేమా” అన్నాడు నాయన అవ్వతో. “బొట్టే కదా పెట్టింది. ఇషం పెట్టలేదు కదా.”

మరుసటి రోజు నాయనా నేనూ చింతామణికి పోయి అక్కడినుంచి చెన్నై బస్సు ఎక్కాం. ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే నేను ఉండాలని తీసుకుపోయాడు. నేను ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. ఏజెంటు బుక్కును వెలుతురుకు ఎత్తి చూశాడు.

“ఏంది కుక్కుగారూ ఇది? మనిషి యాడ?”

“పూజలో బొట్టు పెట్టినారు సార్ ఇంట్లో.”

“దేవుడికి పెట్టాల్సింది నీకు పెట్టారా?” అని నవ్వాడు. ఆఫీసులో ఇంకో ఇద్దరు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి మెల్లగానే చెప్పాడు. “దీన్ని పట్టుకుని ఏ ఎయిర్‌పోర్టూ దాటలేవు. ఫోటో మార్చాడు అంటారు. కేసు అవుతుంది. కొత్త బుక్కు తెచ్చుకో, చూద్దాం.”

“ఎన్నాళ్ళు పడుతుంది సార్?”

“పడతాది. ఆ ఓడకైతే ఇంకొకర్ని పంపాలి నేను.”

మెట్ల మీద ఒకతను సంచితో కూర్చుని ఉన్నాడు. నాయనకంటే చిన్నవాడు. మేము దిగుతుంటే అతన్ని పైకి పిలిచారు. నాయన అతని సంచి వైపు చూశాడు. “వానికి సముద్రం గాలికి ఏసుకునే బట్టలు లేనట్టుండాయి” అన్నాడు.

బస్సుకు ఇంకా చాలా టైము ఉంది. నేను సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. అడగకూడదని తెలిసీ అడిగాను.

“సముద్రం దగ్గరేనా నాయనా?”

“దగ్గరే” అన్నాడు. “ఏముండాది చూసేకి. నీళ్ళే కదా.”

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. ఇప్పటికీ నేను సముద్రం చూడలేదు.

కొత్త బుక్కుకు అర్జీ పెట్టాలంటే పాతది ఎట్లా పాడైందో ప్రమాణపత్రం రాసి ఇవ్వాలి. చిక్కబళ్ళాపురం కోర్టు దగ్గర నోటరీ ముందు అది నేనే రాశాను. అర్జీలు రాయడం నాకు వచ్చు, ఇప్పుడు అదే నా ఉద్యోగం, బాగేపల్లిలో ఒక జెరాక్స్ అంగడిలో కంప్యూటరు ముందు కూర్చుని జనం అర్జీలు నింపుతాను. ఆ రోజు నాయన పక్కన నిలబడి చెబుతుంటే ఇంగ్లీషులో రాశాను. నా తల్లి, ముసలామె, చూపు సరిగా లేక, పండగ పూజలో పొరపాటున. ఆ మాట దగ్గర పెన్ను ఆగింది.

“ఏమి పాపా, స్పెల్లింగా?” అన్నాడు నాయన.

“కాదు” అని రాసేశాను. నోటరీ చదివి “కుంకుమనా?” అని తల ఊపి ముద్ర గుద్దాడు. నాయన సంతకం చేశాడు. ఆ కాగితంలో చెప్పినదంతా సత్యమని చివర్లో ఒక వాక్యం ఉంటుంది. అదీ నేనే రాశాను.

కొత్త ఫోటోకు బాగేపల్లి స్టూడియోకు పోయాం. “స్వల్ప నగి సార్” అన్నాడు ఫోటోగ్రాఫరు, కొంచెం నవ్వమని. నాయన నవ్వలేకపోయాడు.

అర్జీ ఒకసారి వెనక్కి వచ్చింది, సంతకం గడిలోనుంచి బయటికి పోయిందని. మళ్ళీ పంపించాం. కొత్త బుక్కు వచ్చేసరికి ఏడెనిమిది నెలలు అయ్యాయి. పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏండ్ల ఓడల పేర్లు పాతదానిలోనే ఉండిపోయాయి. నాయన రెండూ పట్టుకుని ఏజెంటుకు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టమంది అమ్మ.

“మీ మీద నాకు గౌరవం కుక్కుగారూ” అన్నాడు ఏజెంటు. “కానీ ఇప్పుడు ఓనర్లు యాభై దాటినవాళ్ళను వద్దంటున్నారు. ఆ రోజు ఎక్కివుంటే రెన్యువల్ కింద నడిచేది. ఇప్పుడు కొత్తగా అంటే కష్టం.”

“మెడికల్ పాసవుతా సార్. చక్కెర తగ్గించినా.”

“అది కాదు కుక్కుగారూ.”

ఫోను పెట్టేశాక అమ్మ అంది, “పోనీలే. పోకుండా నిలిపింది ఆ బొట్టే అనుకో. పోయింటే సముద్రం ఏమి చేసుండేదో.”

“సముద్రం ఏమీ చేయలేదే నన్ను” అన్నాడు నాయన. “ఇరవై ఏండ్లు ఏమీ చేయలేదు.”

ఆ రోజు ఆయన అన్నం తిన్నాడు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి తెల్ల అన్నం పెట్టమని అడిగి, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఇక ఏ పరీక్షా లేదు కదా.

తర్వాత చింతామణిలో ఒక ప్రైవేటు హాస్టల్లో వంట పనికి చేరాడు. సోమవారం పొద్దున పోయి శనివారం వస్తాడు. అక్కడ కూడా గిన్నెలు సగమే నింపుతాడు. అక్కడ నేల ఊగదు, గిన్నెలు ఒలకవు, అయినా సగమే. పిల్లలకు సాంబారు చాలక గొడవ చేస్తారు. ఎందుకప్పా సగానికే చేస్తావు అని వార్డెను కన్నడలో తిట్టాడట. “నాకు నిండు గిన్నెను చూస్తే భయమవుతాది” అని చెప్పాడట నాయన. ఆ మాట మాకు చెప్పి తనే నవ్వాడు. టీ అంగడాయన కూడా ఇప్పుడు ఎగతాళి చేయడు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది.

అవ్వ ఆ ఏడు వానాకాలంలో మంచం పట్టింది. చివరి వారాల్లో ఆమె పలవరించేది ఒకటే. “నా చేత్తోనే నా కొడుకు మొకం చెరిపేసినా.” నేను అంబలి తాగిస్తూ ఉండగా ఒక మధ్యాహ్నం మళ్ళీ అన్నది. ఇంట్లో ఎవరూ లేరు. నేను చెప్పేశాను.

“అవ్వా, నువ్వు కాదు. నేను పెట్టినా. నువ్వు చెప్తే నేనే తెరిచి పెట్టినా.”

ఆమె నా చెయ్యి పట్టుకుంది. కనపడే కన్ను నా వైపు తిప్పింది.

“నా తల్లీ” అంది. “నా తప్పు నీ మీద ఏసుకుంటాండావా? నీకెందుకే అమ్మా.”

సాయంత్రం అమ్మ రాగానే అదే చెప్పింది, నా మనవరాలు ఎంత మంచిదో చూడు అని. అమ్మ నా తల నిమిరింది. నేను ఇంకోసారి చెప్పడానికి ప్రయత్నించాను. నోరు రాలేదు. నాలుగు రోజులకు అవ్వ పోయింది. తప్పు తనదేనన్న మాట తనతోనే తీసుకుపోయింది.

కర్మ అయిన మరుసటి రోజు నాయన పెరట్లో పెద్ద గిన్నెలు తోముతున్నాడు, బంధువులకు వండినవి. నేను పక్కన కూర్చుని పీచు అందుకున్నాను. ఆయన వైపు చూడకుండా చెప్పాను. గంధం జారిన సంగతి, తెరిచిన సంగతి, కాగితంలో అవ్వ పేరు రాసిన సంగతి. చెప్పడం అయిపోయాక కూడా ఆయన గిన్నె తోముతూనే ఉన్నాడు.

“పెట్టేటప్పుడు ఏమనుకున్న్యావు?” అని అడిగాడు.

“ఓడ రావల్లని.”

ఆయన గిన్నెలో నీళ్ళు పోసి కడిగి, వంచాడు.

“వచ్చె కదమ్మా” అన్నాడు.

కోపంగా అనలేదు. ఓదార్పుగా కూడా అనలేదు. జరిగింది అట్లా ఉంది కాబట్టి అన్నాడు. తర్వాత ఇంకో గిన్నె తీసుకున్నాడు. చెబితే మనసు తేలికవుతుందని నేను పుస్తకాల్లో చదివాను. కాలేదు. అవ్వ నా మాట నమ్మకుండానే పోయింది, కాగితంలో ఆమె పేరు అట్లాగే ఉంది, నాయన చింతామణి బస్సు ఎక్కుతూనే ఉన్నాడు.

అవ్వ పోయిన ఏడు మాకు పండగలు లేవు. ఈ దసరాకు మళ్ళీ పీట వేశాం. అమ్మ కత్తెర పెట్టింది, నేను నా పెన్ను పెట్టాను. నాయన పెరట్లోనుంచి గరిటె కడిగి తెచ్చాడు. ఓడ గరిటె కాదు, హాస్టల్లో వాడేది, పెద్దది. గంధం గిన్నె ఇప్పుడు నా చేతిలోకి వచ్చింది, పెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. అన్నిటికీ పెట్టాను. గరిటెకు పెట్టాను. తర్వాత బీరువా వైపు చూశాను. అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి అడిగాను.

“బుక్కు తెచ్చేదా నాయనా? అట్ట మీద పెడతా. తెరవను.”

ఆయన కండువాతో చేతులు తుడుచుకుంటున్నాడు.

“దానికొద్దులే పాపా” అన్నాడు. “పనిముట్లకు కదా పెట్టేది.”

నా వేలి మీద గంధం ఇంకా ఉంది. ఎక్కడా పెట్టడానికి లేక అట్లాగే ఆరిపోయింది. అమ్మ వడలు తెచ్చి అందరం కూర్చోమంది. నాయన తువ్వాలు తడిపి, పిండి, నేల మీద పరిచాడు. తన కంచం పెట్టుకున్నాడు. ఒక చేత్తో దాని అంచు పట్టుకుని, రెండో చేత్తో తిన్నాడు.